ఎర్ర కణంలో కొత్త కాపురానికి కొన్ని హితవులు

చిరంజీవి ఫాల్సిపారం అనే మలేరియా పురుగుకు ఆశీర్వదించి రాయునది.

దోమ నోట్లోంచి మనిషి చర్మంలోకి దిగావు. అక్కడి నుంచి కాలేయం చేరి, ఓ వారం పాటు ఎవరి కంటా పడకుండా మకాం వేసి, ఒక్కడివి వేలమందివై, ఇప్పుడు నెత్తుట్లో కాపురం పెట్టబోతున్నావని తెలిసింది. సంతోషం. ఇల్లు చూసుకోవడం, సరుకులు తెచ్చుకోవడం, చెత్త పారబోసుకోవడం నేర్పడానికి నీకు పెద్దదిక్కు లేదు. మీ వంశంలో పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి పగిలిపోయి ఉంటుంది. అందుకే అడక్కపోయినా నేనే పూనుకున్నాను. ఈ మాటలు ఏ సంసారికి చెప్పినా నా మొహం మీదే తలుపేస్తాడు. నీ సంగతి వేరు.

ముందు ఇల్లు. వసతుల జోలికి పోకు. ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా హిమోగ్లోబిన్ కుక్కి ఉంటుంది. 120 రోజులకు కూల్చేసే కొంప. బుద్ధి ఉన్నవాడెవడూ అందులో అద్దెకు దిగడు. నువ్వు దిగు. ఎందుకంటే దాని గోడల నిండా గ్లూట్1 అనే చక్కెర గుమ్మాలున్నాయి, కణానికి లక్షల లెక్కన. ఆ కణం తినేది గోరంత, తెరిచిపెట్టిన దారులు కొండంత. ఇంటాయన తన ఒంట్లోని ఐదు లీటర్ల నెత్తుటిలో ఎప్పుడు చూసినా ఒక చెంచాడు గ్లూకోజు ఉండేలా చూసుకుంటాడు. అది తరగకుండా కాలేయం పోస్తూనే ఉంటుంది. బజారుకెళ్ళే పని నీకు ఉండదు.

లోపలికి దూరడానికి నీకు నిమిషం కూడా పట్టదు. దూరేటప్పుడు ఆ కణం పొరనే లోపలికి లాగి ఒళ్ళంతా కప్పుకుంటావు. దాంతో నెత్తుటికీ నీకూ మధ్య మూడు గోడలు లేస్తాయి. మొదటిది ఇంటాయనది. అక్కడ గ్లూట్1 కాపలా లేని వాకిలిలా పనిచేస్తుంది. రెండోది నువ్వు కప్పుకున్న ముసుగు. దానికి చిల్లులున్నాయి, చిన్న అణువు ఏదైనా జారిపోతుంది. మూడోది నీ ఒంటి పొర. ఇక్కడ మాత్రం నీ సొంత గుమ్మం లేకపోతే కుదరదు. పొర అంటే కొవ్వు, చక్కెరేమో నీళ్ళతో తప్ప పొత్తు కుదరని సరుకు. కొవ్వు గోడలోంచి అది తనంతట తాను రాలేదు.

ఆ గుమ్మం పని తీరు చెబుతాను, శ్రద్ధగా విను. అది ఒక ప్రొటీన్. ఒకే దారం పొరలోంచి పన్నెండుసార్లు అటూ ఇటూ కుట్టుకుంటూ పోతుంది. అలా ఏర్పడిన రెండు సగాల మధ్య ఒక చిన్న గుంట ఉంటుంది. ముందు బయటివైపు నోరు తెరుస్తుంది. చక్కెర అణువు వచ్చి గుంటలో కూర్చుంటుంది. పైనోరు మూసుకుంటుంది. ఒక్క క్షణం రెండువైపులా మూతే. తర్వాత లోపలివైపు తెరుచుకుంటుంది, చక్కెర దిగిపోతుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోవడమనేది ఎన్నడూ జరగదు. జరిగితే అది గుమ్మం కాదు, గోడకు పడిన కన్నం. ఇంకో సంగతి, ఈ మోతకు కూలి ఇవ్వక్కర్లేదు. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి సరుకు దానంతటదే వస్తుంది. నువ్వు చేయాల్సిందల్లా లోపల ఎప్పుడూ తక్కువ ఉండేలా చూసుకోవడం. అందుకు హెక్సోకైనేజ్ అనే ఎంజైమును గుమ్మం లోపలే సిద్ధంగా ఉంచు. వచ్చిన ప్రతి గ్లూకోజుకూ అది ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. తగిలించాక అది గ్లూకోజు లెక్కలోకి రాదు కాబట్టి ఎక్కువ నుంచి తక్కువకు ఉన్న వాలు వాలుగానే ఉంటుంది. పైగా ఆ ఫాస్ఫేటుతో అది తిరిగి గుమ్మం దాటలేదు. బియ్యం బస్తాకు ఇంతకంటే మంచి తాళం ఎవరూ కనిపెట్టలేదు.

ఇక అసలు హితవు. ఇంటికి ఒకే ఒక్క గుమ్మం పెట్టుకో.

అగ్నిమాపక శాఖవాళ్ళు వింటే గుండె పట్టుకుంటారు. మనిషిని చూడు. అతను గ్లూట్ కుటుంబంలో 14 రకాలు పెట్టుకున్నాడు. ఎర్ర కణానికి ఒకటి, కాలేయానికి ఒకటి, మెదడులోని నాడీకణాలకు ఒకటి, ఇన్సులిన్ పిలిస్తేనే పైకొచ్చేది కండరాలకు ఇంకొకటి, పండ్లలోని ఫ్రక్టోజు కోసం వేరేది. ఇంత దుబారా నీకెందుకు? నీకు పీఎఫ్‌హెచ్‌టీ1 చాలు. 504 అమైనో ఆమ్లాల దారం, ఒకే జన్యువు, దానికి నకలు కూడా లేదు. ఎలుకలకు వచ్చే మలేరియాలో మీ దాయాదిగాడి దగ్గర ఆ జన్యువును తీసేయబోయారు. తీసేసినవాడు ఒక్కడూ బతికి బట్టకట్టలేదు. దీన్ని బట్టి ఆ గుమ్మం ఎంత ముఖ్యమో తెలుసుకో, తెలుసుకుని రెండోది మాత్రం పెట్టకు.

మీ వంశం గుట్టు సికింద్రాబాదులోనే రట్టయిన సంగతి నీకు తెలియకపోవచ్చు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను కోసి, దాని గోడలో నల్లటి రంగు ఉన్న కణాలు చూశాడు. ఆ దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకో అణా చొప్పున ఇచ్చాడు. నోబెల్ రాస్‌కు 1902లో వచ్చింది. హుసేన్ ఖాన్‌కు వచ్చింది అణాలే. మీరెక్కడ పెరుగుతారో అప్పుడు బయటపడింది కానీ, ఏ గుమ్మంలోంచి సరుకు తెచ్చుకుంటారో తేలడానికి మరో వందేళ్ళు పట్టింది. 1999లో లండన్‌లో సంజీవ్ కృష్ణ, చార్ల్స్ వుడ్రో బృందం నీ గుమ్మం తాలూకు ఆర్‌ఎన్‌ఏను ఆఫ్రికా కప్ప గుడ్లలోకి ఎక్కించింది. ఆ గుడ్డు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఏం పాపం ఎరగని ఆ కప్ప గుడ్డు నీ ప్రొటీన్‌ను తయారుచేసి తన పొరలో నిలబెట్టుకుంది. తర్వాత రేడియోధార్మిక చక్కెర పోసి లోపలికి ఎంత వెళ్ళిందో కొలిచారు. నీ ఇంట్లో పరీక్షించాలంటే మూడు గోడల గొడవ. కప్ప గుడ్డులో అయితే ఉన్నది ఒకటే గోడ, అందులో నిలబెట్టింది నీ గుమ్మమే. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ కప్ప గుడ్డే.

అక్కడే నీ తిండి అలవాటు కూడా బయటపడింది. నీకు ఎంపిక అనేది లేదు. గ్లూకోజు వస్తే గ్లూకోజు, ఫ్రక్టోజు వస్తే ఫ్రక్టోజు. గ్లూట్1 ఫ్రక్టోజును గుమ్మం దగ్గరికే రానివ్వదు, అంత మడి. నువ్వు మాత్రం మడీ తడీ పెట్టుకోకు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు లోపలికి పిలువు. గ్లూకోజు మీదే మోజెక్కువ అనుకో, అది వేరే మాట. నెత్తుట్లో చక్కెర తగ్గినా నీ గుమ్మం పట్టు విడవదు, దానికున్న ఆకర్షణ అలాంటిది.

దాచుకోకు. రేపటి సంగతి రేపు. కాలేయం గ్లైకోజన్ దాచుకుంటుంది, వరి మొక్క గింజలో పిండి దాచుకుంటుంది. నీ ఇంట్లో గాదె లేదు, ఉట్టి లేదు. వచ్చిన చక్కెరను వచ్చినట్టే కాల్చెయ్. కాల్చడం కూడా సగం సగం కాల్చు. ఒక గ్లూకోజును ఆక్సిజన్‌తో పూర్తిగా కాలిస్తే సుమారు 30 ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు, చేతికొస్తాయి. నువ్వు 2 తీసుకుని మిగతాది పారేస్తావు. నీకు మైటోకాండ్రియా లేదా అంటే ఉంది, ఒకటి. కానీ నెత్తుట్లో ఉన్నంతకాలం పొయ్యి కింద మంట కోసం దాన్ని నమ్ముకోవు. డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకు చేయడానికే అది పనికొస్తుంది. దోమలోకి వెళ్ళాక తప్ప దానికి నిండుగా పని పడదు. ఇంత దుబారా చేస్తే ఎవరైనా దివాలా తీస్తారు. నువ్వు తీయవు. నువ్వున్న కణం మామూలు కణం కంటే వంద రెట్ల దాకా గ్లూకోజు లాగుతుంది, దానికి బిల్లు కట్టేది ఇంకొకడు. 48 గంటల్లో ఒకడివి 16 నుంచి 32 మంది కావాలంటే పొదుపు చేస్తూ కూర్చోవడం కుదరదు. వేగం ముఖ్యం.

పారేసిన మిగతాది ఏమవుతుందంటావా? లాక్టిక్ ఆమ్లం అవుతుంది. దాన్ని వీధిలోకి తోసెయ్. ఇంట్లో ఉంచుకుంటే ఆ పులుపుకు నువ్వే చస్తావు. అందుకని దానికి మాత్రం ప్రత్యేకంగా పెరటి తూము పెట్టుకున్నావు, పీఎఫ్ఎఫ్ఎన్‌టీ అనే ఇంకో ప్రొటీన్. 2015 దాకా ఆ తూము ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మనుషుల్లో అలాంటి కట్టుబడి తూము లేదు కనుక దాని మీద ఇప్పుడు కొందరి కన్ను పడింది. నువ్వు పట్టించుకోకు. ఇక వీధి సంగతి. నీ ఆమ్లం ఒకటి, నువ్వు చొరబడిన కణాలు సన్న రక్తనాళాలకు అతుక్కుపోయి దారులు మూసేస్తే గాలాడని కండరాలు కక్కే ఆమ్లం ఇంకొకటి, రెండూ కలిసి నెత్తురు పులుస్తుంది. రోగి ఎగశ్వాసతో రొప్పుతాడు. జబ్బు ముదిరిన పిల్లల్లో ఆ రొప్పు చావుకు దగ్గరి గుర్తు.

ఎదురింటివాళ్ళను చూసి నేర్చుకోకు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నీ ఎదురింటివాళ్ళు తెలివైనవాళ్ళు.

ఆఫ్రికాలో నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమా ఉంది. అది కణంలోకి దూరదు, నెత్తుట్లోనే ఈదుతుంది. దానికి రెండు రకాల గుమ్మాలు. మనిషి నెత్తుట్లో ఉన్నప్పుడు టీహెచ్‌టీ1 పెట్టుకుంటుంది. చుట్టూ చక్కెర దండిగా ఉంటుంది కాబట్టి ఆ గుమ్మానికి పెద్ద పట్టు అక్కర్లేదు. సెట్సీ ఈగ పొట్టలోకి పోయాక చక్కెరకు కరువు. అక్కడ పట్టు ఎక్కువున్న టీహెచ్‌టీ2ను బయటికి తీస్తుంది, పొట్ట నింపుకోవడానికి ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మీదికి మళ్ళుతుంది. ఊరు మారితే గుమ్మం మార్చే జాతి. అంతేనా, చక్కెరను విరిచే మొదటి ఏడు ఎంజైములనూ గ్లైకోసోమ్ అనే గదిలో పెట్టి గడియ వేసుకుంటుంది. వంటగదిని ఇలా విడిగా కట్టుకుందని 1977లో ఒపర్‌డూస్, బోర్స్ట్ కనిపెట్టారు. అంతటి తెలివి నీకొద్దు.

లీష్మానియా కథ ఇంకోలా ఉంటుంది. మెక్సికానా జాతి మీద అమెరికాలో స్కాట్ లాండ్‌ఫియర్ ప్రయోగశాలవాళ్ళు పనిచేశారు. దానికి పక్కపక్కనే మూడు గుమ్మాల జన్యువులు. వాటిలో ఒకటి ఒంటి మీద కాక తోక పొరలో ఉంటుంది. సరుకు మోయడం కంటే బయట చక్కెర ఎంతుందో వాసన పట్టడమే దాని పనిలా కనబడుతుంది. మూడింటినీ పీకేస్తే, ఇసుక ఈగలో ఉండే రూపం కుంటుకుంటూ బతికింది. మనిషి తెల్లకణంలో ఉండాల్సిన రూపం మాత్రం చచ్చింది. 2003 నాటి ఆ ఫలితం చూశాకే, గుమ్మాల విలువ ఏ ఊళ్ళో ఉన్నామన్న దాన్ని బట్టి మారుతుందని అర్థమైంది. ఇక టాక్సోప్లాస్మా అందరికంటే మొండిది. దాని ముఖ్యమైన గ్లూకోజు గుమ్మం మూసినా చావలేదు. గ్లుటమిన్ తిని, కాస్త నెమ్మదించి, కాపురం సాగించింది. 2009లో ఆ మాట చదివిన మందుల పరిశోధకులకు నీరసం వచ్చి ఉంటుంది.

ఇవన్నీ విని నీకూ ఓ దొడ్డిదారి కట్టుకోవాలనిపిస్తుంది. వద్దు నాయనా. ఒక్క గుమ్మంతోనే ఉండు. ఈ సలహాలో నా స్వార్థం కొంత ఉంది, దాచను.

కాపలా విషయంలో మాత్రం నిన్ను భయపెట్టను. నీ గుమ్మం మనిషి గుమ్మంలాగే ఉంది, అదే నీకు రక్ష. 2020లో స్టాక్‌హోమ్‌లో డేవిడ్ డ్రూ బృందం నీ గుమ్మాన్ని స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో దాని ఆకారం గీసింది. లోపల గ్లూకోజు కూర్చునే గుంటను చూస్తే మన గ్లూట్3లోని గుంటకు దాదాపు నకలు. గ్లూట్3 ఎవరిదో తెలుసా? మెదడులోని నాడీకణాలది. అంటే నీ గుంటలో మేకు దిగ్గొట్టే మాత్ర ఒకటి తయారుచేస్తే, అది ముందు రోగి మెదడుకు తిండి ఆపేస్తుంది. కాబట్టి నిశ్చింతగా నిద్రపో.

నిద్రపోయేవాళ్ళకు మిగతా పేజీలు చదివే పనుండదు. ఆ బొమ్మలో గుంటను వదిలేసి పైనోటి దగ్గరికి పోయి చూస్తే, దారం పొరను దాటే ఏడో కుట్టులో బయటివైపు సగం మనిషి గుమ్మంలోలా లేదు. మన గుమ్మాలను మూసేటప్పుడు పట్టు ఇచ్చే అమైనో ఆమ్లాలు నీ దాంట్లో ఆ చోట లేవు. మూత వదులు. అందుకే ఏ చక్కెర వచ్చినా మూసుకుని లోపలికి దింపేస్తుంది. నీకు మడి లేకపోవడానికి కారణం గుంటలో లేదు, కీలులో ఉంది. గుంటలో మార్పు చేస్తే గుమ్మం ఎంత దెబ్బతింటుందో, గుంటకు దూరంగా ఉన్న ఈ కీలులో మార్పు చేసినా అంతే దెబ్బతింది. నేను ఈ సంగతి నీకు చెప్పకూడదు. చెప్పేశాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. 2003లోనే కృష్ణ బృందం గ్లూకోజుకు ఒక పొడుగాటి నూనె తోక అతికించిన అణువును పరీక్షించింది. దాన్ని 3361 నంబరు సమ్మేళనం అంటారు. అది నీ గుమ్మంలో చిక్కుకుంటుంది, మన గ్లూట్1ను మాత్రం దాదాపు ముట్టుకోదు. గాజుపాత్రలో పెంచిన నీవాళ్ళు దానితో చచ్చారు. ఒకే గుంట ఉన్న ఇద్దరిలో ఒకణ్ణే ఎలా పట్టుకుందో అప్పుడు తెలియలేదు. 2020లోనే నియెంగ్ యాన్ బృందం ఆ అణువు ఇరుక్కున్న గుమ్మం బొమ్మ తీసింది. తల గుంటలో ఉంది, తోక మాత్రం పక్కనున్న ఇంకో బొరియలోకి దూరింది. మన గ్లూట్1లో ఆ బొరియ అలా తెరుచుకోదు. మరుసటి ఏడాదే గుంటనూ బొరియనూ ఒకేసారి పట్టే అణువులను తయారుచేయడం మొదలైంది. అయినా అవసరమైన మోతాదు ఇంకా ఎక్కువే. ప్రయోగశాలలో పనిచేసే అణువుకూ మందుల షాపులో దొరికే మాత్రకూ మధ్య చాలా దూరం ఉంది. కనుక నీ నిద్రకు వచ్చిన ముప్పు ఈ వారంలో లేదు.

చివరి హితవు గుమ్మం గురించి కాదు, ప్రచారం గురించి. లంఖణం పరమౌషధం అనే మాట మా ఊళ్ళల్లో వాడుకలో ఉంది. దాన్ని గట్టిగా పట్టుకో. పాడేరు మన్యంలోనైనా, పట్నంలోనైనా, చలిజ్వరం వచ్చిన ఇంటికి వెళ్ళి, పురుగు చక్కెర తిని బతుకుతుందట, రోగికి అన్నం, చక్కెర, పళ్ళరసం ఆపేస్తే పురుగు మాడి చస్తుందట అని ఎవరి చేతనైనా చెప్పించు. వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది. ఇంతసేపూ నేను చెప్పినదాన్ని బట్టి చూస్తే సబబుగా కూడా తోస్తుంది. పైగా లిస్బన్‌లో మరియా మోటా బృందం 2017లో తిండి తగ్గించిన ఎలుకల్లో మలేరియా నెమ్మదిగా పెరిగిందని చూపింది. తిండి తక్కువని పసిగట్టి మీ దాయాదులే పిల్లల్ని తక్కువ కన్నారట. ఆ ఎలుకలకు జబ్బు తగిలించక ముందు నుంచే పథ్యం పెట్టారన్న మాట, అవి ఆరోగ్యంగా ఉండగా మొదలుపెట్టిన పథ్యమన్న మాట ఎవరూ అడగరులే.

నిజానికి నోటికి చక్కెర ఆపితే నెత్తుట్లో చక్కెర వెంటనే ఆగదు. కాలేయం దాచుకున్న గ్లైకోజన్ కరిగించి పోస్తుంది, అది అయిపోతే ఇతర సరుకుతో చక్కెర తయారుచేస్తుంది. ఆ కాలేయాన్ని నువ్వు ముందే కుదేలు చేసి ఉంటావు. చిన్నపిల్లల్లో నిల్వ మొదటి నుంచీ తక్కువ. నీ దోపిడీ ఒకపక్క, జ్వరం ఒళ్ళు కాల్చడం ఒకపక్క, నోటికి తిండి లేకపోవడం ఇంకోపక్క. పాత మందు క్వినైన్ ఇచ్చినచోట అది ఇన్సులిన్‌ను ఉరికించి ఉన్న చక్కెరను మరింత పడగొడుతుందని 1983లో థాయిలాండ్‌లో నికొలస్ వైట్, తోటివాళ్ళు చూపించారు. చక్కెర పడిపోతే ముందు మాడేది నువ్వు కాదు, రోగి మెదడు. మగత, మూర్ఛ, ఆపైన స్పృహ లేకపోవడం. మలేరియా మెదడుకెక్కిందనుకుంటారు, వేలు గుచ్చి చూడటం మరిచిపోతారు. నీకు అంతకంటే ఏం కావాలి?

కానీ తెలిసిన డాక్టర్లు మరిచిపోరు. మలేరియాతో మగతగా వచ్చిన పిల్లకైనా, గర్భిణికైనా ముందు వేలు గుచ్చి చక్కెర చూస్తారు. డెసిలీటరుకు 40 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జబ్బు ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్కగట్టి, నరం ద్వారా గ్లూకోజు ఎక్కిస్తారు. అందులో నీ వాటా నువ్వు తింటావని వాళ్ళకు తెలుసు. తిననిస్తారు. నిన్ను చంపడానికి ఆర్టిసునేట్ సూది వేరే ఉంది.